వెనక సీటు ఎవరిది

"కిక్ రాడ్డు యాడ పెట్టినావు?"

నాయన ఈ మాట అడగడం అది నాలుగో రోజు. అమ్మ జవాబు చెప్పకపోవడం కూడా నాలుగో రోజే.

అమ్మ పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతోంది. ఆ తెడ్డు తిప్పే ఊపు చూస్తే కుండలో ఉన్నది రాగిపిండి కాదు, నాయనే అనిపించింది. నాయన వాకిట్లో యెజ్డీ పక్కన గొంతుక్కూర్చుని, రాడ్డు ఉండాల్సిన చోట బోసిగా కనబడుతున్న ఇనుప మొన మీద వేలు పెట్టి ఊరికే తిప్పుతున్నాడు.

యెజ్డీ ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ బండికి కిక్ కొట్టే రాడ్డే గేరు మార్చే రాడ్డు కూడా. అది లేకపోతే బండి స్టార్టు కాదు. తోసి స్టార్టు చేసినా గేరు పడదు. అమ్మకు ఈ సంగతి బాగా తెలుసు. ఆ బోల్టుకు ఏ పానా పడుతుందో కూడా తెలుసు. హిందూపురంలో మెకానిక్ షబ్బీర్ పెళ్ళాంగా ఇరవై రెండేళ్ళు బతికిన దస్తగిరమ్మ ఆమె.

రెండువేల మూడు, మే నెల. ఇంకో పదమూడు రోజుల్లో నాయన లేహ్‌కు బయల్దేరాలి. మూడువేల కిలోమీటర్ల పైమాట. జూన్‌లో మంచు కరిగి ఆ కొండదారి తెరుస్తారు. పన్నెండేళ్ళుగా అనుకుంటున్న ప్రయాణం వాకిట్లో రాడ్డు లేకుండా నిలబడి ఉంది.

"షబానా, మీ నాయనకు చెప్పు" అంది అమ్మ, మూడడుగుల దూరంలో ఉన్న నాయన వైపు చూడకుండా. "బెంగళూరులో ఇంకో రాడ్డు దొరుకుతాదంట. తెచ్చి ఏసుకోని పొమ్మను. నేనేమన్నా బండికి అడ్డం పండుకుంటినా?"

"మీ అమ్మకు చెప్పు. రాడ్డు తెచ్చుకునేది నాకు చాతగాక కాదు."

"మరెందుకు తెచ్చుకోలేదో అడుగు."

నాయన మళ్ళీ ఆ ఇనుప మొన తిప్పసాగాడు. నాలుగు రోజులుగా ఇద్దరి మధ్యా నేను ఎస్టీడీ బూత్ అయిపోయాను. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. పైగా తిట్లు మాత్రం ఇద్దరూ నన్నే తిట్టేవాళ్ళు.

అసలు గొడవ ఆదివారం పార్శిలు విప్పినప్పుడు మొదలైంది. బెంగళూరు నుంచి రెండు చలి జెర్కిన్లు వచ్చాయి. ఒకటి నాయనది. రెండోది తనదే అనుకుని అమ్మ తొడుక్కుంది. చేతులు మోకాళ్ళ దాకా వేలాడాయి. అద్దం ముందు నిలబడి ఆ చేతులు మడుచుకుంటూ నవ్వింది కూడా, పాపం.

"ఇంత పెద్దది తెప్పించినావేమయ్యా, కదిరప్పన్నకు పట్టేట్టు ఉండాది" అంది.

కదిరప్ప నాయన స్నేహితుడు. ఆ పేరు వినగానే నాయన నేల చూశాడు. అమ్మ నవ్వు ఆగిపోయింది. జెర్కిన్ విప్పి, మడత పెట్టి, ఆ సాయంత్రమే పానా తీసుకుని వాకిట్లోకి నడిచింది.

ఇప్పుడు తెడ్డు పక్కన పడేసి, కొంగుతో ముఖం తుడుచుకుని, మొదటిసారి నాయన వైపు నేరుగా చూసింది.

"ఎనభై ఒకటిలో ధర్మవరం నుంచి నన్ను పిలుచుకోని వస్తివే, ఏ బండి మీద?"

"దీని మీదనే" అన్నాడు నాయన.

"అందురూ బస్సులో వస్తాంటే మనిద్దరం బండి మీద వస్తిమి. పెనుకొండ కాడ ఆపి చెరుకురసం తాపిస్తివి. అప్పుడు నేనేమడిగితి?"

నాయన ఇనుప మొన మీది నుంచి వేలు తీశాడు.

"చెప్పవయ్యా, బిడ్డ వింటాంది. ఈ రోడ్డు ఇట్లనే పోతే యాడిదాకా పోతాదంటి. నువ్వేమంటివి?"

"మంచుకొండల దాకా అంటి."

"ఇంగా?"

"నిన్ను పిలుచుకోని పోతా అంటి."

"అంటివి గదా! ఇరవై రెండేండ్లు ఆ మాట పట్టుకోని ఉండా. వెనక సీటు నాదయ్యా. నన్నొక మాట అడక్కుండా ఇంకొకరికి ఇచ్చేస్తివి."

ఇది నాకు తెలియని సంగతి. అమ్మకు చలి పడదు, దుమ్ము పడదు, నాయన పిచ్చి అంటే అసలే పడదు, అందుకే రాడ్డు దాచిందని అనుకున్నాను. ఆమె కూడా పోవాలని ఇన్నేళ్ళు ఎదురు చూసిందని నా బుర్రకు తట్టనే లేదు. సిగ్గేసింది నాకు.

"దస్తగిరీ, ఈ ఒక్కసారికి ఊరికుండు" అన్నాడు నాయన. "ఎందుకని మాత్రం అడగద్దు."

"ఎందుకు అడగకూడదు? కదిరప్పన్నకు బండి లేకపోయెనా? రాజ్‌దూత్ ఏమాయె? జనవరిలో ఉన్నట్టుండి అమ్మేసె. దుడ్లు కావల్లా అంటే అదీ కాదంట. బాగుండే బండి అమ్ముకోని, వచ్చి నా సీట్లో కూర్చుంటాడా?"

నాయన లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. సంగటి తినకుండానే షెడ్డుకు వెళ్ళిపోయాడు. నాయన సంగటి వదిలేసి పోవడం నేను పుట్టాక అదే మొదలు.

అమ్మ కోపం ఇంకా మిగిలి ఉంది. అది తీర్చుకోవడానికి కొబ్బరినూనె సీసా తెచ్చి, నా ఎడమకాలి మీద, మోకాలి కింద మానుతున్న గాయానికి గట్టిగా రుద్దింది.

"ఆ బస్సోళ్ళకు బుద్ధి లేదు. ఆడపిల్లలు దిగేదాకా ఆపరు. ఎంత చీరుకుపోయిందో చూడు."

"ఊఁ" అన్నాను. బస్సు మెట్టు కొట్టుకుందని చెప్పి ఉన్నాను. అప్పటికి నేను బీఎడ్ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. ఆదివారాలు నాయనకు క్యారియర్ తీసుకుని షెడ్డుకు పోయేదాన్ని.

అమ్మ అటు పోగానే నేను నోటుబుక్కు తీశాను.

ఆ నోటుబుక్కు అట్ట ఎప్పుడో చిరిగిపోతే నాయన బండి సీటు రెగ్జిన్‌తో కొత్త అట్ట కుట్టించాడు. అందులో మొదటి పేజీకి అంటించిన ఫోటో ఒకటుంది. మా పక్కూరు పరిగి మారెప్ప మిలిటరీ నుంచి వచ్చేసినప్పుడు, తొంభై ఒకటిలో, ఇచ్చింది. రోడ్డుకు ఇటు ఒక మంచుగోడ, అటు ఒక మంచుగోడ, మధ్యలో మారెప్ప. గోడలు బస్సు కంటే ఎత్తు. మారెప్ప పళ్ళు, మంచు తప్ప ఆ ఫోటోలో ఇంకేమీ కనబడవు.

ఆ ఫోటో చూసిన రోజు నాయనకూ కదిరప్ప మామకూ పిచ్చి పట్టింది.

కదిరప్ప మామది ధర్మవరం. పట్టుచీరలు నేస్తాడు. అమ్మ పుట్టిల్లు ఆయన మగ్గం ఉన్న వీధే. అమ్మ ఆయన్ని అన్నా అంటుంది. ఈ పెళ్ళి సంబంధం చెప్పిందే ఆయన. అందుకని నాయనను బావా అని పిలిచేవాడు. హిందూపురానికీ ధర్మవరానికీ సరిగ్గా నడుమ పెనుకొండ. ప్రతి ఏడూ బాబయ్య దర్గాలో గంధం ఉత్సవం రోజున ఇద్దరూ చెరో పక్క నుంచి వచ్చి అక్కడ కలిసేవాళ్ళు. యెజ్డీ పెట్రోలు ట్యాంకు మీద నన్ను కూర్చోబెట్టుకుని నాయన, రాజ్‌దూత్ మీద మామ. టీ అంగడి బల్ల మీద నోటుబుక్కు పరిచేవాళ్ళు. మామ చేతిరాత ముత్యాల్లా ఉండేది. కర్నూలు, హైదరాబాదు, నాగపూరు, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, మనాలి, లేహ్. ఈ పేర్లు నేను బడిలో నేర్చుకోలేదు, ఆ బల్ల మీద నేర్చుకున్నాను. ఒక్కో ఊరి దగ్గర ఎక్కడ పడుకోవాలి, ఎక్కడ చైను బిగించాలి, ఎక్కడ నూనె మార్చాలి అని గంటలు గంటలు కొట్లాడుకునేవాళ్ళు. టీ అంగడాయన కూడా మధ్యలో దూరి "నాగపూరులో కమలాపండ్లు కొనండప్పా" అనేవాడు.

పోయిందెప్పుడు? తొంభై అయిదులో అంతా సిద్ధమయ్యాక యెజ్డీ కిక్ వెనక్కి తన్ని నాయన ఎడమకాలు మోకాలి కింద చీరుకుపోయింది. నెలరోజులు మంచం. అమ్మ కాపడం పెట్టీ పెట్టీ విసిగిపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. తొంభై ఏడులో అవ్వ పోయింది. తొంభై తొమ్మిదిలో అక్కడ యుద్ధం వచ్చింది. రేడియో ముందు కూర్చుని నాయన, "మన రోడ్డు కాడనే కొట్లాడతాండారే" అన్నాడు. మన రోడ్డు! ఒక్కసారైనా చూడని రోడ్డు.

ఆ పన్నెండేళ్ళూ అలాగే గడిచాయి. పోనే లేదు గానీ, పోయి వచ్చినవాళ్ళు కూడా అంత సంతోషపడి ఉండరు.

ఫోటో కింద, ఇన్నేళ్ళూ నేను పట్టించుకోని చోట, మామ ముత్యాల అక్షరాలతో రాసి ఉంది. ఒకటో బండి: షబ్బీర్, దస్తగిరి. రెండో బండి: కదిరప్ప. మామ పెళ్ళాం గంగులమ్మత్త "నాకు బండెక్కితే తలనొప్పి" అనేసింది కాబట్టి ఆమె పేరు రాయలేదు. చివరి పేజీకి తిప్పాను. అక్కడ ఈ మధ్య రాసింది. ఒకే బండి: షబ్బీర్, కదిరప్ప. ఆ అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయి ఉన్నాయి. తొందరలో రాశాడు అనుకున్నాను.

మధ్యాహ్నం మామే వచ్చాడు. 

మునుపైతే సందు మొదట్లోనే రాజ్‌దూత్ చప్పుడు వినబడేది. ఇప్పుడు బస్సు దిగి నడిచి వచ్చాడు. మా ఇంటి ముందు మురిక్కాలువ మీది బండ దగ్గర ఆగి, కాలితో తడిమి, అప్పుడు దాటాడు. ఎండకు కళ్ళు బైర్లు కమ్మాయేమో అనుకున్నాను. నేను ఎన్నెన్ని అనుకున్నానో చూడండి, ఒక్కటీ నిజం కాదు.

"దస్తగిరీ, కోపం తగ్గిందామ్మా?"

"తగ్గలేదన్నా. కూర్చో. మజ్జిగ తాగు."

మామ మజ్జిగ తాగి, సంచిలో నుంచి కాగితంలో చుట్టిన చీర తీశాడు.

"నీ పెండ్లప్పుడు అడిగింటివే, నేరేడు రంగు చీర, పసుపు అంచు కావల్లని. అప్పుడు కాలేదు. ఇన్నేండ్లకు నేసినా. గంగులు కూతురి కాన్పుకని నల్లమాడకు పోయి నెలన్నరాయె. కండెలు గూడా నేనే చుట్టుకుంటి."

అమ్మ చీర వంక చూడకూడదు అనుకుంది. చూసింది. ధర్మవరంలో పుట్టిన ఆడది పట్టుచీర ముందు పంతం ఎంతసేపు పడుతుంది? పైగా చిన్నప్పుడు ఆ మగ్గం పక్కనే కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టింది. చీరలో అడ్డంగా పడే పట్టుదారం ఆ కండెల మీద నుంచే మగ్గంలోకి పోతుంది.

చీర తీసుకుని, వెలుతురు కోసం వాకిట్లోకి పోయి, ఎండలో ఒక్కో మడతా విప్పింది. విప్పుతూ విప్పుతూ ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి మడిచింది. మళ్ళీ విప్పింది.

చీర చేత్తో పట్టుకుని లోపలికి వచ్చి మామ ముందు కూర్చుంది.

"అన్నా, ఇది ఏం రంగు?"

"నేరేడు గదమ్మా."

"ఇది?"

"ఏమడుగుతాండావు? ఒకే చీర. అదీ నేరేడే."

నేను తొంగి చూశాను. ఒక చేతి కింద నేరేడు. రెండో చేతి కింద సిరా నీలం. కొంగుకు రెండు మూరల ఇవతల గీత గీసినట్టు రంగు మారిపోయింది. అక్కడి నుంచి చివరి దాకా నీలమే.

"అది నీలమన్నా" అంది అమ్మ మెల్లగా.

మామ చీర అందుకున్నాడు. వేళ్ళతో తడిమాడు. ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. తలుపు వైపు తిరిగి వెలుతురులో పెట్టి చూశాడు. చీర ఒళ్ళోకి జారిపోయింది.

"ముప్పై ఏండ్లు నేసినా తల్లీ. ఒక్క పోగు తప్పు పోలా" అన్నాడు.

నాయన ఎప్పుడొచ్చాడో గడపలో నిలబడి ఉన్నాడు. ఆకలి వేసి వచ్చినట్టుంది. చీర చూశాడు, మామను చూశాడు, అమ్మను చూశాడు.

"నేను చెప్పలేదు కదిరీ. ఒక్క మాట చెప్పలేదు."

"నువ్వు చెప్పలేదులే బావా. నా చీరే చెప్పేసె."

అప్పుడు తెలిసింది. మామకు కంటి నరం ఎండిపోతోంది. బెంగళూరు డాక్టరు, చూపు ఇక ఏడాదో రెండేళ్ళో అన్నాడట. మందులు వేసినా ఆగుతుందో లేదో చెప్పలేనన్నాడట. డిసెంబరులో బండి తోలుతూ రెండుసార్లు గేదెల్లోకి పోయాడు. ఆ తరువాత ఇక తోలలేదు.

"రాజ్‌దూత్ అమ్మలేదమ్మా. బావ షెడ్డులోనే పట్ట కప్పి ఉండాది. అమ్మితిమని చెప్పమన్నది నేనే. ఎవురికీ చెప్పనని బాబయ్య మీద ఒట్టు పెట్టించుకుంటి. చెప్తే అందురూ అయ్యో పాపం అంటారు. నాకది వద్దు." ఒక్కక్షణం ఆగాడు. "వెనక సీటు నీదని నాకు తెలుసు దస్తగిరీ. అయినా ఆశ పడితి. మారెప్ప ఫోటోలో ఉండే ఆ మంచు... అదొక్కటి చూడాలని. కండ్లు ఉండంగానే."

అమ్మ ఏడ్చింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు, మూల చూసుకోలేదు. అక్కడే కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది.

"నాలుగు దినాలుగా ఈయప్పను ఎన్నెన్ని మాటలంటి! నోరు తెరిచి ఒక్క మాట చెప్పకపోతివే మనిషీ!"

"ఒట్టు గదే" అన్నాడు నాయన. గడపలోనే కూలబడిపోయాడు.

అమ్మ ఏడుపు ఎంత త్వరగా వచ్చిందో అంత త్వరగా ఆగింది. ముఖం తుడుచుకుని మామ వైపు తిరిగింది. ఆ గొంతు నాకు తెలుసు. నాకు లెక్కల్లో మార్కులు తగ్గినప్పుడు వాడే గొంతు.

"గంగులొదినకు తెలుసునా?"

"తెలీదు."

"చెప్పు."

"వద్దమ్మా. తెలిస్తే మగ్గం దిగమంటాది. మగ్గం దిగితే నేను ఏం మనిషిని?"

"చెప్పకుండా పోతావా? పోయి మంచు చూసి వస్తావు సరే. వచ్చినంక ఒకదినం పొద్దున లేస్తూనే వదిన ముఖం కనపడకపోతే అప్పుడు చెప్తావా?"

మామ తల వంచుకున్నాడు. అమ్మ లేచి వంటగదిలోకి పోయింది. రాగిపిండి డబ్బా మూత తీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, పిండిలో నుంచి కిక్ రాడ్డు బయటికి లాగింది.

"దాంట్లోనా!" అన్నాడు నాయన. "నిన్నటిదాకా ఆ పిండితోనే సంగటి తింటిమే!"

"బాగుండాదని రెండోసారి గూడా పెట్టించుకుంటివి" అంది అమ్మ. రాడ్డును పాత గుడ్డలో చుట్టింది. నాయన చెయ్యి చాపాడు. ఇవ్వలేదు.

"రేపు గురువారం. వదిన నల్లమాడ నుంచి పెనుకొండకు చక్కెర చదివింపులకు వస్తాది. రేపు ఆడ అన్న చెప్పల్ల. చెప్పినంకనే ఇది నీ చేతికి వచ్చేది. సీటు సంగతి దాని తరువాత."

గురువారం నలుగురం బస్సులో పెనుకొండకు పోయాం. ప్రతి ఏడూ బండి మీద పోయిన దారి. కిటికీలో నుంచి చూస్తే ఏదీ ఆ దారిలాగే లేదు. మామ కిటికీ పక్క సీటు నాకిచ్చేశాడు. 

గంగులమ్మత్త దర్గా దగ్గర చదివింపులు ముగించుకుని బయటికి వస్తోంది. కూతురి కాన్పు తేలిగ్గా అయితే బాబయ్య ముందు చక్కెర పెట్టి ఫాతెహా చదివిస్తానని మొక్కుకుందట. పొట్టి మనిషి, వక్కాకు నమలకుండా ఒక్క నిమిషం ఉండలేని మనిషి.

"ఏందబ్బా, పెండ్లికి వచ్చినట్టు అందురూ దిగినారు?" అంటూ మా చేతుల్లో తలా ఒక చిటికెడు చక్కెర పెట్టింది.

టీ అంగడి బల్ల మీద కూర్చున్నాం. అదే బల్ల. మామ మనవడి గురించి అడిగాడు. నల్లమాడలో ఎండల గురించి అడిగాడు. శనక్కాయ విత్తనాల గురించి కూడా అడిగాడు. అమ్మ దగ్గింది. మామ కొండ వైపు చూస్తూ చెప్పేశాడు. డాక్టరు మాట, గేదెలు, నీలం, నేరేడు, అన్నీ.

గంగులమ్మత్త చక్కెర పొట్లం మడత పెడుతూనే ఉంది. మూల మీద మూల పెట్టి, నాలుగు మడతలు వేసి, సంచిలో పెట్టుకుంది.

"నాకు తెలుసు" అంది.

మామ కొండ మీది నుంచి చూపు ఆమె వైపు తిప్పాడు.

"రెండేండ్లుగా తెలుసు. నేరేడు కావల్లంటే నీ చెయ్యి నీలం కండె మీదికి పోతాది. నేను నేరేడుది తీసి నీ చేతిలో పెడతాంటి. పచ్చ కావల్లంటే నల్లది పట్టుకుంటావు. పచ్చది అందిస్తాంటి. మరి పొద్దస్తమానం మగ్గం పక్కన ఊరికే కూర్చుంటాననుకుంటివా? నెలన్నర నేను లేకపోతే చీర ఏమైందో చూడు."

మామ బల్ల మీద ఆమె వైపు జరిగాడు. "తెలిసి ఎందుకు చెప్పలా?"

"చెప్తే నువ్వు మగ్గం దిగిపోతావని. నువ్వెందుకు చెప్పలా?"

"నువ్వు దిగమంటావని."

నాయన ఇటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. టీ అంగడాయన టీ గ్లాసులు పెట్టి, మా ముఖాలు చూసి, ఏమీ అనకుండా పోయాడు.

కాసేపటికి గంగులమ్మత్త అడిగింది. "ఆ మంచు ఏం రంగుంటాది?"

"తెలుపు" అన్నాడు మామ.

"వట్టి తెలుపేనా?"

"వట్టి తెలుపే."

"అయితే పోయిరా. దానికి నేను కండె అందిచ్చే పని లేదు."

అమ్మ గుడ్డలో నుంచి రాడ్డు తీసింది. ఇంకా సందుల్లో రాగిపిండి ఉంది. "తీసుకో వదినా. నీ చేత్తో ఆయనకియ్యి. సీటు అన్నదే. నాకింగ ఏమీ బాధ లేదు." ఆ చివరి మాట దగ్గర ఆమె గొంతు తడబడింది. బాధ ఉంది. ఎందుకుండదు? ఇరవై రెండేళ్ళ మాట అది.

గంగులమ్మత్త రాడ్డు అందుకుంది. నాయన చెయ్యి చాపాడు. ఆమె చూడనట్టే ఊరుకుని, కొంగుతో పిండి తుడవసాగింది.

"రెండు బండ్లు గదా మీరు రాసుకున్నది? రాజ్‌దూత్ షెడ్డులోనే ఉండాదని మా ఆయన నాతోనే చెప్పె, రిపేరని. అది తీయండి. ఒకదాని మీద దస్తగిరి, ఒకదాని మీద ఈయప్ప."

"తోలేది ఎవురు వదినా?" అంది అమ్మ. "అన్న తోలలేడు. ఈయన ఒక్కడు రెండు బండ్లు తోలతాడా?"

"తోలేవాళ్ళు ఉండారు."

నాకు చేతిలో చక్కెర కరిగిపోతోంది. లేచి ఎక్కడికైనా పోదామనుకున్నాను.

"ఉగాది ముందర పరిగికి పోతాంటి" అంది గంగులమ్మత్త, రాడ్డు మీది చివరి పిండి తుడుస్తూ. "బస్సు కిటికీలో నుంచి చూస్తి. యెజ్డీ మీద ఒక పిల్ల. మా బస్సును దాటుకోని పాయె. వెనక సీట్లో మీ ఆయన." అని, ఆ రాడ్డు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

నాయన పెనుకొండ కోటను ఇంతకుముందెన్నడూ చూడనట్టు చూడ్డం మొదలుపెట్టాడు.

అమ్మ నా వైపు తిరిగింది. నా ముఖం చూడలేదు. వంగి, రెండు వేళ్ళతో నా ఎడమకాలి మీద చుడీదారు పైకి జరిపింది. మోకాలి కింద, తను రోజూ నూనె రాస్తున్న గాయం. తరువాత నాయన ఎడమకాలి వైపు చూసింది. ఎనిమిదేళ్ళ కిందట తను నెలరోజులు కాపడం పెట్టిన చోటు. మళ్ళీ నా కాలి వైపు చూసింది.

"షబానా, బస్సు మెట్టంటివే?"